తాటిచెట్టు వంగుతుందా అని కాదు, అది అక్కడ ఎందుకుంది అని అడగండి

ప్రశ్న ఇది: "బాహుబలి రెండో భాగం చివరి యుద్ధంలో తాటిచెట్లు వంచి సైనికుల్ని కోటలోకి విసరడం నిజంగా సాధ్యమేనా? సైనిక వ్యూహంగా చూస్తే అందులో లాజిక్ ఉందా?"

ఈ ప్రశ్నకు ఇంజినీరింగ్ చదివినవాళ్లు లెక్కలు కట్టి జవాబులు రాస్తారని తెలుసు. నేను గీత కార్మికుల ఇంట్లో పుట్టినవాణ్ని. మా తాత నలభై ఏళ్లకు పైగా తాళ్లు, అంటే తాటిచెట్లు, ఎక్కాడు, మా నాన్న కొన్నాళ్లు ఎక్కి మానేశాడు, నేను అసలు ఎక్కకుండానే హైదరాబాద్ వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కాబట్టి తాటిచెట్టు గురించి మాట్లాడే అర్హత నాకు ఎంతోకొంత ఉంది. బాహుబలి గురించి మాట్లాడే అర్హత తెలుగువాళ్లందరికీ పుట్టుకతోనే వచ్చింది.

ముందు మీరడిగినదానికి జవాబు. వంగదు. తాటిమాను పైన నల్లగా, గట్టిగా ఉంటుంది, లోపల మెత్తటి పీచు ఉంటుంది. ఆ పై గట్టితనం చూసే పాత ఇళ్లకు దూలాలు, వాసాలు తాటిమానుతో వేసుకున్నారు. వంగే చెట్టుతో ఎవడైనా ఇంటికి దూలం వేస్తాడా? గాలివానకు చెట్టు ఊగుతుంది, నిజమే, కానీ ఊగడం వేరు, తాళ్లు కట్టి తల నేలకు తగిలేదాకా లాగడం వేరు. అంత లాగితే మధ్యలో ఫెళ్లున విరుగుతుంది, లేకపోతే వేళ్లతో సహా పైకి లేస్తుంది. పోకచెట్టు అయితే వంగుతుంది. పోకతోటల్లో పనిచేసేవాళ్లు ఒక చెట్టు చివర నుంచి ఊగి పక్క చెట్టును అందుకుంటారు, కిందికి దిగకుండానే వరుసంతా కాయ కోసేస్తారు. అయితే పోకచెట్టు మోసేది ఒక్క మనిషిని. డాళ్లు పట్టుకుని బంతిలా చుట్టుకున్న అరడజను మంది సైనికుల్ని కాదు.

సరే, వంగిందే అనుకుందాం. గోడ 20 మీటర్లుందనుకుంటే, మనిషి దాన్ని దాటాలంటే నేల నుంచి గంటకు 70 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పైకి లేవాలి. లోపల నేలకు తగిలేటప్పుడు కూడా కనీసం అదే వేగం ఉంటుంది. అంటే ఆరంతస్తుల మేడ మీంచి దూకినట్టే. చుట్టూ డాళ్లు పెట్టుకుంటే బయటి బాణం ఆగుతుందేమో గానీ లోపలి ఎముక ఆగదు. ఇంజినీర్లు దీని మీద ఇంకా పెద్ద వ్యాసాలు రాయగలరు, రాసుకోనివ్వండి.

నా బాధ ఇది కాదు. సినిమాలో భౌతికశాస్త్రం తప్పితే నాకేం అభ్యంతరం లేదు. మొదటి భాగంలో శివలింగాన్ని పెకలించి భుజాన వేసుకుని జలపాతం దాకా మోశాడు, ఈల వేశాను. ఆ కథలో హీరో బలానికి హద్దు లేదని మొదటే చెప్పేశారు, మనం ఒప్పుకుని టికెట్ కొనుక్కున్నాం. ఒప్పుకోనిది ఏమిటంటే శత్రువును తెలివితక్కువవాణ్ని చేసి హీరోను గెలిపించడం. బలం ఎంతైనా ఇవ్వండి, అవతలివాడి బుర్ర మాత్రం తీసేయకండి. యుద్ధ సన్నివేశానికి నేను పెట్టే పరీక్ష అదొక్కటే.

ఆ పరీక్షలో కాలకేయుల యుద్ధం పాసైంది. 2015లో మొదటి భాగం చూసి బయటికి వచ్చినవాళ్లలో చాలామంది "కోట ఉండగా మైదానంలోకి ఎందుకు పోయారు" అన్నారు. సైనిక రహస్యాలు గూఢచారి చేతిలో పడి శత్రువుకు చేరిపోయాయని ముందే చూపించారు కదా. గుట్టు తెలిసిపోయిన కోటలో దాక్కోవడం కంటే నేల ఎంచుకుని, త్రిశూల వ్యూహమని సైన్యాన్ని మూడు పాయలు చేసి బయట నిలబడటమే నయం. అవతలివాడు కూడా చేతకానివాడు కాదు. బందీలను ముందు నిలబెట్టి డాలుగా వాడుకున్నాడు. అది నీచమే, కానీ తెలివైన నీచం. దాని మీద పెద్ద గుడ్డలు విసిరి నిప్పంటించడం లాంటి ఎత్తు వేస్తే చూసేవాడికి ముచ్చటేస్తుంది, ఎందుకంటే ఇద్దరూ ఆలోచిస్తున్నారు. రెండో భాగంలో కుంతల రాజ్యం దగ్గర ఎద్దుల కొమ్ములకు మంట పెట్టి తోలడాన్ని చూసి "ఇదెక్కడి చోద్యం" అని నవ్వినవాళ్లున్నారు. నవ్వకండి. క్రీస్తు పూర్వం 217లో కార్తేజ్ సేనాని హానిబాల్ ఇటలీలో రోమన్ల చేతికి చిక్కబోయి, దాదాపు 2000 ఎద్దుల కొమ్ములకు కట్టెలు కట్టి అంటించి రాత్రిపూట కొండ మీదికి తోలాడు. కనుమ కాపలా కాస్తున్న రోమన్లు ఆ మంటల వైపు పరుగెత్తారు, ఇతను సైన్యంతో సహా కనుమ దాటిపోయాడు. మనవాళ్లు ఎద్దుల్ని సూటిగా శత్రువు మీదికే తోలారు, అంతే తేడా.

డబ్బు ఎక్కువ పెడితే తెలివి వస్తుందని కూడా లేదు. గేమ్ ఆఫ్ థ్రోన్స్ అని ప్రపంచమంతా చూసింది కదా, 2019లో చివరి సీజన్‌లో ఆ రాత్రి యుద్ధం చూశారా? రాళ్లు విసిరే యంత్రాల్ని కాల్బలం కంటే ముందు పెట్టారు, గుర్రపు దళాన్ని ఏమున్నదో కనపడని చీకట్లోకి తోలేశారు. అదేదో మన తెలుగు సినిమాలో ఉంటే యూట్యూబ్‌లో చీల్చి చెండాడేవాళ్లు. ఇంగ్లీషులో ఉంది కాబట్టి "వార్ రియలిజం" అన్నవాళ్లున్నారు. ఇది వేరే కడుపుమంట, వదిలేద్దాం.

ఇక తాటిచెట్ల దగ్గరికి వద్దాం. 2017 ఏప్రిల్ ఆఖరులో సినిమా వచ్చింది. ఎండాకాలం, ముంజల కాలం. మా తాతను పక్క టౌన్‌లో సినిమాకు తీసుకెళ్లాను. ఆయన థియేటర్‌లో సినిమా చూసి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు. ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ ధర చూసి "ఈ పైసలకు ఊరందరికి కల్లు పోస్త" అన్నాడు. చివరి యుద్ధం వచ్చేదాకా నోరు మెదపలేదు. చెట్టు వంగగానే మాత్రం సీట్లో ముందుకు జరిగి "అగ్గో" అన్నాడు, ముందు వరుసవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా.

మర్నాడు సాయంత్రం మండువ దగ్గర పంచాయితీ మొదలైంది. మండువ అంటే మా దిక్కు ఊరి బయట తాళ్లల్లో కల్లు పోసే చోటు, నలుగురు కూర్చుని ఊరి సంగతులన్నీ తేల్చేది అక్కడే. మాకు వరసకు మామ అయ్యే ఒకాయన ఆర్మీలో చేసి రిటైరై వచ్చాడు, ఆయన్ని ఊరంతా మిలిట్రీ మామ అనే అంటుంది. ఆయనకు ఆ సీన్ మీద కోపం. చెట్టు వంగడం మీద కాదు.

"అరే, గోడకు గంత దగ్గర చెట్లెట్ల ఉంచిండ్రా? మా దగ్గరైతే పోస్టు చుట్టు గడ్డి గూడ పెరగనియ్యరు. ఎదురుంగ ఎవడొచ్చినా కనవడాలె, కాల్చడానికి అడ్డముండొద్దు. భల్లాలదేవుడు నూరడుగుల బంగారు బొమ్మ పెట్టించుకున్నడు గని, నాలుగు చెట్లు కొట్టియ్యలేదా?"

చూడండి, ఇది అసలైన ప్రశ్న. కోట కట్టిన ఏ రాజైనా మొదట చేసే పని చుట్టూ నేల శుభ్రం చేయించడం. శత్రువు నిలబడటానికి నీడ ఉండకూడదు, నిచ్చెన చేసుకోవడానికి కర్ర దొరకకూడదు. కందకం ఉన్నదీ అందుకే. ఓరుగల్లు మట్టికోట ఎంత గట్టిదంటే, 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ దండు వచ్చినప్పుడు యంత్రాలతో విసిరిన రాళ్లు గోడకు తగిలి పిల్లలాడే కాయల్లా వెనక్కి వచ్చేవని ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో రాశాడు. శత్రువు తరఫువాడే రాశాడు, ఆ మాటకు విలువ ఎక్కువ. వాళ్లు కందకాన్ని మట్టి సంచులతో పూడ్చుకుంటూ రావాల్సి వచ్చింది. శ్రీకృష్ణదేవరాయలంతటివాడు ఉదయగిరి కోట ముందు ఏడాదికి పైగా కూర్చున్నాడు, దారికి అడ్డమొచ్చిన బండలు పగలగొట్టించుకున్నాడు. కోట అంటే అంత పని. మాహిష్మతికి వచ్చేసరికి శత్రువుకు కావాల్సిన సరంజామా గోడ పక్కనే నాటి పెట్టారు.

అక్కడ నేను ఒక మాటన్నాను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. ఈ తప్పు భల్లాలదేవుడిది కాదు. శివగామిది.

లెక్క చూడండి. తాటిచెట్టు మెల్లగా పెరుగుతుంది. టెంక నాటితే కల్లుకు రావడానికే పదిహేను ఇరవై ఏళ్లు పడుతుంది. మాను లేచాక కూడా ఏడాదికి ఇంచుమించు ఒక అడుగు, అంతే. కోటగోడతో పోటీపడేంత చెట్టుకు యాభై అరవై ఏళ్లుంటాయి. దేవసేనను గొలుసులతో కట్టేసింది 25 ఏళ్లు, అంటే భల్లాలుడి పాలన అంతే. అంతకుముందు ఇద్దరు చంటిపిల్లలు పెరిగి పెద్దయ్యేదాకా రాజ్యం నడిపింది శివగామి. రెండూ కలిపితే యాభై. ఆవిడ సింహాసనం మీద కూర్చున్న రోజుకే ఆ చెట్లు అక్కడ మొలిచి ఉన్నాయి. ఆవిడ మాటే శాసనం కదా, "ఆ మొక్కలు పీకేయండి" అని ఒక్క మాట అనుంటే సరిపోయేది. రాజ్యమంతా రాజమాత, రాజమాత అంటారు గానీ కోట రక్షణ విషయంలో ఆవిడకు నేను పాస్ మార్కులు కూడా వెయ్యను. సినిమాలో ఎవరూ పట్టుకోని తప్పు ఇదే. చెట్టు వయసు చూస్తే దొరికిపోతుంది.

మిలిట్రీ మామ ఒప్పుకోలేదు. తాతలు చేసిన తప్పు మనవడు దిద్దుకోవాలి, ఇరవై ఐదేళ్లు చాలవా అన్నాడు. ఆ వాదన సాగుతుండగా మా తాత లొట్టి (కల్లు కుండ) కింద పెట్టి, మెల్లగా అన్నాడు: "అసలు వంచుడెందుకురా? ఎక్కరాదా?"

"ఎక్కి?" అన్నాడు మామ.

"ఎక్కి ఏందిరా. గోడ కన్న చెట్టే ఎత్తున్నది. కొనకు పోయినంక గోడ నీ కాళ్ల కిందనే ఉంటది. మోకు ఇసిరి బురుజుకు తగిలిస్తే అవతల పడ్డట్టే. పది మంది సాలు. సప్పుడు గాదు. పోయి దర్వాజ తియ్యాలె, అంతే."

"కావలోడు సూడడా తాతా?" అన్నాడు ఎవరో కుర్రాడు.

"సూస్తె సూడనియ్యి. తాడెక్కినోణ్ని సూస్తె ఎవడన్న ఏమనుకుంటడు? కల్లు గీసెటోడనుకుంటడు. మంచోడైతె 'ఒక లొట్టి దించు' అంటడు."

మండువ మొత్తం నవ్వింది గానీ నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. రాజమౌళి గారు కొన్ని వందల మందితో, ఎన్నో నెలల గ్రాఫిక్స్‌తో చేయించిన పనిని మా తాత తాడెక్కే సరంజామాతో, అంటే ముత్తాదు, మోకు, గుజితో తేల్చేశాడు. పొద్దున, సాయంత్రం తాడెక్కేవాణ్ని ఈ భూమ్మీద ఏ సైనికుడూ అనుమానించడు. గూఢచారికి ఇంతకంటే మంచి వేషం ఏముంటుంది?

"ఇది కథల్లో అయ్యే పని" అనేవాళ్లకు చెబుతున్నాను, అయింది. సర్వాయి పాపన్న పేరు వినే ఉంటారు. గీత కార్మికుల కులంలో పుట్టినవాడు, ఔరంగజేబు చివరి రోజుల నుంచే మొఘలులకు, వాళ్ల కింది జమీందార్లకు నిద్రలేకుండా చేసినవాడు. 1708లో ముహర్రం వేళ, రెండు మూడు వేల మందిని వెంటేసుకుని వరంగల్ కోట మీద పడ్డాడు. అందరి ధ్యాసా పండుగ మీద ఉంటుందని తెలిసే ఆ సమయం ఎంచుకున్నాడు. ఫిరంగులతో గోడ కూల్చుకుంటూ కూర్చోలేదు. గోడకు ఉచ్చుల తాళ్లు విసిరి ఎక్కేశారు, లోపలికి దిగి తలుపులు తీశారు. ఏ పని చేసేవాడి బుర్రలో ఆ పనికి సంబంధించిన యుద్ధమే పుడుతుంది. తాడుకు ఉచ్చు వేసి రోజూ నిటారు మానును ఎక్కేవాడికి కోటగోడ ఇంకో మానే. మా తాత పాపన్న కథ ఒగ్గు కథలో విన్నాడో, ఊరికే ఆలోచించి చెప్పాడో నాకు తెలీదు. రెండూ అయ్యుండొచ్చు.

ఇంకో మాట కూడా ఉంది. మన దక్కన్‌లో పెద్ద కోటలు ఎలా పడ్డాయో చూడండి. 1687లో గోల్కొండ ముందు ఔరంగజేబు దాదాపు ఎనిమిది నెలలు పడిగాపులు పడ్డాడు. వానలు, కరువు, రోగాలు, అన్నీ వచ్చాయి. గోడ కింద సొరంగం తవ్వి మందుగుండు పెడితే అది వెనక్కి పేలి సొంతవాళ్లే పోయారు. చివరికి కోట ఎలా పడింది? లోపలి సర్దారు అబ్దుల్లా ఖాన్ పన్నీ లంచం తీసుకుని ఒక దర్వాజా తీశాడు. అంతే. అంత పెద్ద సైన్యం బయట ఉన్నా తలుపు లోపలి నుంచే తెరుచుకుంది.

ఇప్పుడు మాహిష్మతికి రండి. కట్టప్ప ఆ కోటలోనే పుట్టి పెరిగాడు, దాని రక్షణే ఆయన ఉద్యోగం. ప్రతి కోటకూ పెద్ద దర్వాజా కాక ఎక్కడో ఒక దిడ్డి ఉంటుంది, నీళ్లు పోయే తూము ఉంటుంది, ఏ బురుజు మీద కాపలా ఎప్పుడు మారుతుందో ఒక పద్ధతి ఉంటుంది. అవన్నీ కట్టప్పకు కంఠతా వచ్చి ఉండాలి. పైగా లోపల రాజును ద్వేషించే జనం ఉన్నారు. బాహుబలి పేరు వినగానే ఊరు ఊరంతా ఎలా ఊగిపోయిందో మొదటి భాగంలోనే చూశాం. అలాంటి చోట తలుపు తీసేవాడు ఒక్కడు దొరకడా? కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడని దేశమంతా రెండేళ్లు అడిగింది గానీ, ఆ కట్టప్పకు ఒక్క దిడ్డి దర్వాజా కూడా ఎందుకు గుర్తురాలేదని ఒక్కరూ అడగలేదు.

మిలిట్రీ మామ దీనికి ఒక సమాధానం చెప్పాడు, అది న్యాయంగానే ఉంది కాబట్టి రాస్తున్నాను. లోపల తల్లి బందీ, చేతిలో సమయం లేదు, ముట్టడి యంత్రాలు లేవు. అలాంటప్పుడు ఎవరూ ఊహించని పని చేస్తేనే శత్రువు ఒక్క నిమిషం తెల్లబోతాడు, ఆ నిమిషమే కావాలి. ఒక్కసారే పనిచేసే ఎత్తు అయినా ఫరవాలేదు, గెలుపూ ఒక్కసారే కావాలి కదా అన్నాడు. దర్శకుడి తరఫున ఇంతకంటే మంచి వకీలు దొరకడు. కానీ తెల్లబోవాలంటే పది మంది గీత కార్మికులు అర్ధరాత్రి లోపల ప్రత్యక్షమైనా తెల్లబోతారు, ఎముకలు కూడా మిగులుతాయి.

అలా ఎందుకు తియ్యరో కూడా నాకు తెలుసు. మన సినిమాల్లో తాడెక్కేవాడంటే కామెడీ. తాగి తూలే పాత్ర, లేదంటే హీరోయిన్ పక్కన నిలబడి నవ్వించే పాత్ర. యాభై అడుగుల మీద నడుముకు ముత్తాదు ఆనించి, రెండు చేతులూ వదిలేసి కత్తితో గెల గీసే మనిషి ధైర్యం మన కెమెరాకు ఎప్పుడూ ఆనలేదు. జారిపడి నడుములు విరిగినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు, మా ఊళ్లోనూ ఉన్నారు. అసలు విచిత్రమేమంటే ఇప్పుడు తాటిచెట్లు మాహిష్మతిలోనే దట్టంగా ఉన్నాయి, మా ఊళ్లో లేవు. మండువ పక్క తాళ్లన్నీ కొట్టేసి వెంచర్ వేశారు, ప్లాట్లకు రాళ్లు పాతారు. భల్లాలదేవుడు యాభై ఏళ్ల చెట్లను వదిలేశాడు, రియల్ ఎస్టేటువాళ్లు వారం రోజులు కూడా వదల్లేదు. కోట రక్షణకు వాళ్లను పెట్టుకోవాల్సింది.

"ఫాంటసీలో లాజిక్ వెతుకుతావేంటి" అని కింద రాసేవాళ్లు రాస్తారు. మరి మీరు పద్మవ్యూహం గురించి ఎందుకు గంటలు గంటలు వాదిస్తారు? అభిమన్యుడు లోపలికి వెళ్తే వెనకే వస్తామన్న పాండవులు ఎందుకు రాలేకపోయారు అంటే కథలో కారణం ఉంది. సైంధవుడికి శివుడిచ్చిన వరం ఉంది, అర్జునుణ్ని సంశప్తకులు ముందే పక్కకు లాక్కుపోయారు. వరాలు, శాపాలు, దివ్యాస్త్రాలు ఉన్న కథలో కూడా వ్యాసుడు "ఎందుకు ఆపలేకపోయారు" అన్నదానికి జవాబు చెప్పి ముందుకు కదిలాడు. నేనడిగేది అదే.

వీలైనవాళ్లు హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే దారిలో జనగామ దాటాక ఖిలాషాపూర్‌లో ఆగి, పాపన్న కట్టించుకున్న కోట బురుజులు చూసి రండి. తాళ్లతో గోడలెక్కిన మనిషి తనకోసం గోడ కట్టుకుంటే ఎలా కట్టుకున్నాడో కనపడుతుంది. ఇక "తాటిచెట్టు వద్దు, కొబ్బరిచెట్టయితే వంగుతుంది కదా" అని కామెంట్ పెట్టబోయేవాళ్లు ముందు ఒక కొబ్బరిచెట్టుకు మోకు కట్టి, నలుగుర్ని పిలిచి లాగి చూసి, ఆ తర్వాత వచ్చి రాయండి. కాయలు రాలతాయి, తల చూసుకోండి.